అడిగినవాళ్ళకే వడ్డించే ఓడ

మా వియ్యంకుడు గంగారాం మా ఇంట్లో మెతుకు ముట్టక రెండేళ్లు దాటింది. ఆయనది అంకాపూర్, మాది ఆర్మూర్. ఆటో ఎక్కితే పావుగంట కూడా పట్టదు. అయినా మా గుమ్మం దాకా వచ్చి, కోడలిని దింపి, మంచినీళ్లు కూడా తాగకుండా బండి తిప్పుకుని పోయే మనిషి. అలాంటి మనిషితో ఒకే బల్ల దగ్గర నాలుగు రోజులు భోంచేసి వచ్చాను. అదీ నేల మీద కాదు, సముద్రం మీద. నాది మార్కెట్ పక్కన పసుపు పాలిష్ పట్టే మిషన్. అక్కడికి వచ్చే రైతులంతా "ఓడ ఎట్లుండె?" అని అడుగుతున్నారు. ఓడ గురించి చెప్పాలంటే ముందు పెళ్లి విందు గురించి చెప్పాలి.

రెండో ముక్క

మా బిడ్డ మౌనికను గంగారాం కొడుకు రాకేశ్‌కు ఇచ్చాం, వాళ్ల కాపురం హైదరాబాద్‌లో. పెళ్లి విందులో మొదటి బంతి మగపెళ్లివారిది. మా దిక్కు పద్ధతి మీకు తెలియకపోతే చెబుతాను. విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి నోరు తెరిచి అడగడు. బకెట్ పట్టుకున్నవాడు "ఇంకో ముక్క" అంటే "సాలు సాలు" అని చెయ్యి అడ్డం పెడతాడు. ఆ చెయ్యి పక్కకు జరిపి వెయ్యాలి. రెండోసారీ వద్దంటాడు, అప్పుడూ వెయ్యాలి. మూడోసారి వద్దంటే, అది నిజంగా వద్దని. ఆ రోజు గంగారాం మొదటిసారి "సాలు" అన్నాడు. వడ్డించేవాడు "సరే సార్" అని ముందుకు సాగిపోయాడు. మళ్లీ ఆ వైపు రాలేదు. పెళ్లికొడుకు తండ్రి ఒక్క గంటెడు యాటమాంసం కూరతో విస్తరి మడిచి లేచాడు.

"గా ఇంట్ల ఇగ మెతుకు ముట్ట," అన్నాడట చెయ్యి కడుక్కుంటూ. అన్న మాట మీద నిలబడ్డాడు.

నేను కేటరింగ్ వాళ్ల మీద పడ్డాను. పదిమందిలో తిట్టాను, వచ్చిన పెద్దమనుషులందరి ముందూ వాళ్లదే తప్పన్నాను. అసలు సంగతి నాకూ, మా ఆవిడ సుజాతకూ తప్ప మావాళ్లెవరికీ తెలియదు. పొద్దున్నే కేటరింగ్ మేస్త్రిని పక్కకు పిలిచి, "అడిగినోళ్లకే వెయ్యిండ్రి, ఊకె కుమ్మరియ్యకుండ్రి" అని చెప్పింది నేనే. మార్కెట్ హమాలీలు ఆఖరు బంతికి వస్తారు, వాళ్లకు తక్కువ పడితే నా పరువేం కావాలని భయం. మావాళ్లు అడగరని నాకు తెలియదా? తెలుసు. గాబరాలో బుర్ర పని చేయలేదు. తెల్లారి చూస్తే కూర రెండు పెద్ద బగోనల నిండా మిగిలి ఉంది.

ఇప్పుడు మనవరాలు చిన్నికి ఏడాది నిండబోతోంది. మొదటి పుట్టినరోజు మా ఇంట్లో చేయాలని మౌనిక ఆశ. "మామయ్య వచ్చి మనింట్ల తింటెనే జేసుకుందం బాపూ. లేకుంటే హైదరాబాద్‌లనే కేక్ కోసి ఊకుంట," అని ఫోన్లో ఏడ్చింది. ఆ తర్వాత అల్లుడూ తనూ ఏం ఆలోచించుకున్నారో, సింగపూర్ నుంచి బయలుదేరే ఓడలో అందరికీ టికెట్లు కొన్నారు. గంగారాం ఒప్పుకుంటాడని నేననుకోలేదు. ఒప్పుకుని, కొడుకుతో ఒక మాట మాత్రం అన్నాడు. "నేను తినేది ఓడోళ్ల తిండి. మీ మామ తిండి గాదు."

మొదటి రోజు: సింగపూర్

ఓడ అంటే నేను పోచంపాడ్ డ్యాం దగ్గర చూసిన పడవకు పెద్దన్న అనుకున్నాను. పద్నాలుగు అంతస్తులు! లోపల లిఫ్టులు, దుకాణాలు, పిల్లలకు జారుడుబండలు. సుజాత రైలింగ్ పట్టుకుని కిందికి చూసి, "ఇంత ఇనుము ఎట్ల తేలుతుందో," అని దండం పెట్టుకుంది.

సాయంత్రం భోజనాల హాలులో మా ఆరుగురికీ ఒక గుండ్రటి బల్ల. రోజూ అదే బల్ల, అదే వెయిటర్. అతని పేరు ప్రకాశ్, నేపాల్ మనిషి, హిందీ మాట్లాడతాడు. ఆ ఒక్క విషయానికే నా ప్రాణం కుదుటపడింది. గొడ్డుమాంసం వద్దని ముందే చెబితే తల ఊపి రాసుకున్నాడు. నాకెదురుగా గంగారాం, తెల్లచొక్కా గుండీ మెడ దాకా పెట్టుకుని. ఆయన పక్కన మా వియ్యపురాలు రాజమణి. ఇద్దరి మధ్య ఎత్తు కుర్చీలో చిన్ని. గంగారాం నాతో మాట్లాడడు కదా, ఏది చెప్పాలన్నా ఆ పిల్లతో చెప్పేవాడు.

"చిన్నీ, గా ఆర్మూర్ తాతను జర ఉప్పు ఇటు జరుపుమను."

నేను తక్కువ తిన్నానా? "చిన్నీ, ఉప్పు ఎక్కువైతే బీపీ పెరుగుతదని అంకాపూర్ తాతకు చెప్పు," అన్నాను. సుజాత బల్ల కింద నా కాలు తొక్కింది.

అక్కడి తిండి తీరు వేరు. ముందు ఒక చిన్న ప్లేటు, తర్వాత సూపు, తర్వాత అసలు వంటకం, చివర తీపి. అన్నీ ఒకేసారి రావు, ఒకటి తిన్నాక ఒకటి. తలా ఒకటి చెప్పుకున్నాం. నా ముందు పెట్టిన ప్లేటు మా కొత్త చాటంత ఉంది. నడుమ అరచేతిలో సగం చేపముక్క, మూడు చిక్కుడుకాయలు. "రుచి జూడనీకి తెచ్చిన్రేమో, అసలుది ఎనకొస్తదేమో," అంది సుజాత. ఎంతసేపు చూసినా ఏదీ రాలేదు.

ప్రకాశ్ వంగి, ఇంకేమైనా తెమ్మంటారా అని మర్యాదగా అడిగాడు. ఆరుగురం ఒక్క గొంతుతో "నో నో, ఎనఫ్" అన్నాం. మళ్లీ అడుగుతాడని చూశాం. అతను థాంక్యూ సార్ అని ప్లేట్లు ఎత్తుకుని వెళ్లిపోయాడు. పోతున్న ప్లేట్ల వైపే అందరం చూస్తూ కూర్చున్నాం. అదనంగా తెప్పిస్తే బిల్లు పడుతుందేమోనని అల్లుడికీ అనుమానం, అందుకే అతనూ నోరు మెదపలేదు.

గదికి వచ్చి సుజాత కట్టి తెచ్చిన కారప్పూస డబ్బా తెరిచాం. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. "ఇదేం మర్యాద? ఒక్కసారి అడిగి పోతడా? మల్ల అడిగితే వాని సొమ్మేం పోతది?" అని కేకలేశాను.

సుజాత కారప్పూస నములుతూ నా వైపు చూసి, "గా దినం గంగారామన్నకు గూడ గిట్లనే అయ్యుంటది," అంది.

నేను చేతిలోని పిడికెడు కారప్పూస మళ్లీ డబ్బాలో వేసేశాను. రెండేళ్లలో ఆయన కోపం గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం కానీ, ఆయన ఆకలి గురించి నేను ఒక్కసారి కూడా అనుకోలేదు.

రెండో రోజు: పెనాంగ్

రేవు దిగి నడిస్తే పూలదండల దుకాణాలు, గుడి గంటలు, తమిళ పాటలు. మలేసియా అంటే ఎవరైనా నమ్ముతారా! వీధి బండి మీద రొయ్యలు వేసి వేయించిన వెడల్పు నూడుల్స్ పది రింగిట్లు, అంటే మనకు రెండు వందల దగ్గర. మౌనిక తిని బాగుందంది. మాకు మాత్రం అన్నం మీదికి మనసు పోయింది.

సందు చివర ఒక తమిళావిడ హోటల్. తాత ముత్తాతల నాడు రబ్బరు తోటల పనికి వచ్చిన కుటుంబమట. అరిటాకు పరిచింది. అన్నం, పప్పు, కాకరకాయ వేపుడు, చేపల పులుసు. మా దగ్గర మూడో వద్దుతో వడ్డన ఆగుతుంది. ఇక్కడ ఆకు మడిచేదాకా వడ్డన ఆగదు. గంగారాం "సాలమ్మా" అని చెయ్యి అడ్డం పెట్టాడు. భాష తెలియదు కానీ ఆ చెయ్యి ఆవిడకు తెలుసు. గదిమినట్టు ఏదో అని, ఆ చేతిని గంటెతోనే పక్కకు నెట్టి అన్నం వేసింది. మళ్లీ వద్దన్నాడు, మళ్లీ వేసింది. మూడోసారి ఆయన ఆకు మడిచి పెద్దగా నవ్వాడు.

రెండేళ్ల తర్వాత ఆ మనిషి నవ్వు చూశాను. ఈ నవ్వు మా ఇంట్లో నవ్వాల్సింది కదా అనుకున్నాను. లేచేటప్పుడు ఆ తల్లికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. డబ్బులిచ్చాక దండం ఎందుకో ఆవిడకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం ఓడలో పక్క బల్ల దగ్గర ఒక ముసలావిడ ఒక్కతే కూర్చుని ఉంది. సింగపూర్‌లో బడిపంతులమ్మగా చేసి రిటైరైందట. ఆవిడ ముందు ఒకటి కాదు, మూడు రొయ్యల ప్లేట్లు. అసలు వంటకం ముట్టనే లేదు. తర్వాత రెండు రకాల తీపి. సుజాత కళ్లప్పగించి చూడడం గమనించి, మౌనికను దగ్గరకు పిలిచి ఇంగ్లీషులో చెప్పింది. ఈ మెనూ కాగితం మీద ఉన్నది ఏదైనా, ఎన్నైనా అడగవచ్చు, పైసా పడదు. సూపులు రెండు తాగినా, కూరలు మూడు తిన్నా ఎవరూ తప్పు పట్టరు. కానీ ఇక్కడ ఒక్కసారే అడుగుతారు, సిగ్గుపడితే ఆకలితో పడుకోవాలి. చెప్పి పకపకా నవ్వింది. అడగకపోయినా మంచి మాట చెప్పేవాళ్లు ప్రయాణంలోనే దొరుకుతారు. ఆవిడ చల్లగా ఉండాలి.

ఇక చూడండి మావాళ్ల సంబరం! సుజాత రెండు సూపులు, రాజమణి చేపా కోడీ రెండూ, అల్లుడు మూడు తీపులు. ప్రకాశ్ మొహం వెలిగిపోయింది. నేను రెండో చేపముక్క తింటూ, నిన్న మళ్లీ ఎందుకు అడగలేదని అతన్ని నిలదీశాను.

"మా అమ్మ అయితే వద్దన్నా పెడుతుంది సాబ్," అన్నాడు హిందీలో. "ఇక్కడ అతిథి వద్దంటే వద్దే. మళ్లీ అడిగితే బలవంతం చేసినట్టు. అడిగినవాళ్లకు మాత్రం ఎన్నిసార్లయినా తేవాలి, అదీ మాకు నేర్పింది."

అడిగినవాళ్లకే! నేను మేస్త్రికి చెప్పిన మాటే. ఈ ఓడలో అందరూ అడగడం తెలిసినవాళ్లు కాబట్టి అది మర్యాద అయింది. మా పందిట్లో అడిగేవాడు ఒక్కడూ లేడు కాబట్టి అవమానం అయింది. తలెత్తి చూస్తే గంగారాం తన ఒక్క ప్లేటు ముగించి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఏమీ అడగలేదు.

మూడో రోజు: ఫుకెట్

చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చారు. దిగేటప్పుడు నా ఎడమకాలి చెప్పు నీళ్లలో పడి కొట్టుకుపోయింది. ఒంటిచెప్పుతో కుంటుతూ నడుస్తుంటే రాజమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కొత్త చెప్పుల కోసం సుజాత వేళ్లు చూపిస్తూ బేరం చేసి, సగానికి సగం తగ్గించింది. దేశం ఏదైనా బేరానికి భాష అక్కర్లేదట.

కూరగాయల అంగట్లో ఒక గంప ముందు నా కాళ్లు ఆగిపోయాయి. పచ్చి పసుపు! అక్కడివాళ్లు కొమ్ములను పచ్చిగానే నూరి పులుసులో వేస్తారట. ఉడకబెట్టడం, ఎండబెట్టడం, పాలిష్ పట్టడం, ఏమీ లేదు. మా ఊళ్లో అలా తింటే నా మిషన్ ఎప్పుడో మూసుకోవాలి. నేను ఒక కొమ్ము విరిచి చూస్తుంటే పక్కనుంచి ఒక చెయ్యి దాన్ని లాక్కుంది.

"రంగు మంచిగున్నది గాని మన కొమ్ము కంటె సన్నగుంది," అన్నాడు గంగారాం గోటితో గీరి చూస్తూ. "ఏమంటవ్ బావా?"

బావా! చిన్నితో కాదు, నాతో. అనేశాక ఆయనకే గుర్తొచ్చింది. కొమ్ము గంపలో పడేసి, ఎండ ఎక్కువైందని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ కొత్త చెప్పులతో ఊరంతా తిరిగొచ్చాను.

నాలుగో రోజు: నీళ్లే నీళ్లు

ఈ రోజు ఏ రేవూ లేదు. ఎటు చూసినా నీళ్లు. పొద్దుటి నుంచి సుజాత నా వెంట పడింది. "రేపు దిగుతం. ఇయ్యాల జెప్పకుంటే ఇంకెప్పుడు జెప్తవ్? పోరి మొగం జూడు." చెబుతా చెబుతా అంటూ మధ్యాహ్నం దాటించాను. నిజం చెబుతున్నాను, భయం వేసింది. వియ్యంకుడికి భయపడ్డానో, నా బిడ్డ ముందు చిన్నబోతానని భయపడ్డానో నాకే తెలియదు.

చివరి భోజనం. కాగితం మీద ఆ రోజు గొర్రె తొడ ఉందని అల్లుడు చదివాడు. గంగారాం అదే చెప్పాడు. వచ్చింది, తిన్నాడు. ప్రకాశ్ వంగి ఇంకేమైనా కావాలా అని అడిగాడు. గంగారాం కళ్లు ఖాళీ ప్లేటు మీద ఒక్క క్షణం ఆగాయి. వెంటనే చెయ్యి లేచింది. "నో నో. సాలు."

ప్రకాశ్ ప్లేటు మీద చెయ్యి వేశాడు. నేను లేచి నిలబడ్డాను. "ఆగు బేటా. ఈయన మొదటిసారి వద్దంటే అది వద్దని కాదు. పోయి ఇంకోటి తే," అన్నాను హిందీలో. ప్రకాశ్ నన్నూ ఆయననూ చూశాడు. మరి వాళ్ల అమ్మ గుర్తొచ్చిందేమో, నియమం పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

"ఎవరడిగిన్రు నిన్ను?" అన్నాడు గంగారాం. నేరుగా నాతోనే.

"ఎవరు అడగలే బావా. అడగరని నాకు ఎరుకే. ఎరుకుండి గూడ, గా దినం అడిగినోళ్లకే వెయ్యమని చెప్పింది నేనే. కేటరింగోళ్ల తప్పేం లేదు. ఆఖరు బంతికి తక్కువ పడ్తదేమోనని భయపడ్డ. ఇన్ని దినాలు వాళ్ల మీదికి నూకిన."

మౌనిక నన్నే చూస్తోంది. మా బాపు తప్పు లేదని అత్తగారింట్లో రెండేళ్లు నా వైపు వాదించిన పిల్ల. తల దించుకుంది. దానికంటే నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది.

గంగారాం ముందుకు వంగాడు. "మరి ఆఖరుకు తక్కువ పడ్డదా?"

"లేదు బావా. రెండు బగోనలు మిగిలింది."

"రెండు బగోనలా!" కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. తనకు జరిగిన అవమానం కంటే ఆ మాటే ఆయన్ను ఎక్కువ పొడిచింది. "నా ముంగల ఖాళీ విస్తరి వెట్టి రెండు బగోనలు దాసిపెట్టుకున్నవా? పారబోస్తివా ఏంది?"

"పారబొయ్యలే. తెల్లారి మార్కెట్‌ల హమాలీలకు పంచిన."

"కడుపునిండ తిన్నరా?"

"తిన్నరు."

ఇంతలో ప్రకాశ్ ప్లేటు తెచ్చి ముందు పెట్టాడు. గంగారాం దాన్ని చాలాసేపు చూశాడు. చాకూ, ఫోర్కు పక్కన పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, చేత్తో ఎముక పట్టుకుని తిన్నాడు. చివరికంటా తిన్నాడు. లేచి, చిన్నిని ఎత్తుకుని గదికి వెళ్లిపోయాడు. పుట్టినరోజు సంగతి ఎవరూ ఎత్తలేదు. మౌనిక వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి, "జెప్పినవ్ గద బాపూ, సాలు," అంది.

ఐదో రోజు: మళ్లీ సింగపూర్

పొద్దున్నే దిగాలి. హాలు గుమ్మం దగ్గర ప్రకాశ్ వీడ్కోలు చెప్పడానికి నిలబడ్డాడు. ఇంటికి వెళ్లి ఏడు నెలలైందట. సుజాత మిగిలిన కారప్పూస డబ్బా అతని చేతిలో పెట్టింది. వద్దన్నాడు. పెట్టింది. మళ్లీ వద్దన్నాడు. "పట్టు బిడ్డా," అని వేళ్లు మూసింది. తీసుకుని కళ్లు తుడుచుకున్నాడు. మా పెద్దమనుషుల కోపతాపాల మధ్య నాలుగు రోజులు నవ్వు మొహంతో నిలబడి వడ్డించిన ఆ పిల్లవాడికి నేను ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

రేవులో సామాన్ల కోసం నిలబడ్డాం. గంగారాం మాట్లాడటం లేదు. ఇక ఇంతే, తినడు, నా బిడ్డ కేక్ హైదరాబాద్‌లోనే కోసుకుంటుంది అనుకుని, సంచి ఎత్తుకోబోయాను. ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మొహం సముద్రం వైపే ఉంది.

"చిన్ని పుట్టినరోజు నాడు నన్ను ఏ బంతిల కూసోవెడ్తవ్?"

నేను సంచి వదిలేశాను. "మొదటి బంతి బావా! నడిమధ్యల! నేనే వడ్డిస్త, నా చేతులతోని."

"వద్దు," అన్నాడు.

అది మొదటి వద్దో, మూడో వద్దో తెలియక నేను బిక్కచచ్చిపోయి చూస్తున్నాను.

"నీ చెయ్యి చిన్నది బావా, నీకు వడ్డన రాదు. ముందుగాల బకెట్ నాకియ్యి. మన మార్కెటోళ్లు, మా అంకాపూరోళ్లు, అందరు లేసేదాంక నేనే వడ్డిస్త. అటెంక ఆఖరు బంతిల ఇద్దరం కూసుందం."

సామాన్లు వస్తున్నాయి, జనం తోసుకుంటున్నారు, ఎవరెవరో ఏవేవో భాషల్లో అరుస్తున్నారు. నేను అంత మందిలో నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాను.